ఏటేట జరుగవలసిన విద్వత్సభ

కడచిన మాఘమాసమున పెనుగంచిప్రోలు తిరునాళ్లకై నా మనుమడు నందిగామకు వచ్చినాడు. ఒకనాటి సాయంకాలము అరుగుమీద నా ప్రక్కన కూర్చుండి, “తాతయ్యా, ఏడాదికోసారి విద్యార్థుల సభ ఒకటి జరపాలనుకుంటున్నాము. నాలుగు విద్యాలయాల వాళ్లు వస్తారు. మొదటి ఏడు భారం నామీద పడింది. ఎక్కడినుంచి మొదలుపెట్టమంటావు?” అని అడిగినాడు. నేను ముప్పది యేండ్లు బడిపంతులుగా నున్నవాడను. సభలు చేసినవాడను, ఒక సభను చెడగొట్టినవాడను కూడ. కావున ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పక, రెండు మూడు దినములు ఆలోచించి, మన ప్రాంతపు చరిత్రనుండియే అతనికి సమాధానము చెప్పితిని. ఆ మాటలనే నేడు మీ ముందుంచుచున్నాను.

మొదట అతని చదువెట్టిదో చెప్పవలయును. పూర్వము ఇంజనీరింగు చదివినవాడు వంతెన కట్టుట నేర్చెడివాడు. అర్థశాస్త్రము, రాజనీతి చదివినవాడు ఏ వంతెనకు ధనమీయవలెనో విచారించెడివాడు. ఇరువురును వేరువేరు గదులలో కూర్చుండెడివారు. ఈ రెండు చదువులను జతపరచి బోధించు పాఠక్రమము అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1976లో ఏర్పడెను. అట్టి చదువు పిమ్మట మన దేశమునకును వచ్చినది. సాంకేతిక విధానశాస్త్రమని దీనికి పేరు పెట్టుకొందము.

పేరు కొత్తదే కాని విషయము మనకు కొత్తది కాదు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరము వద్ద హైదరాబాదు–విజయవాడ రహదారిమీదికి వచ్చినప్పుడు బండ్లన్నియు నిలిచిపోయిన సంగతి మీరెరుగుదురు. 2024 సెప్టెంబరు మొదట పాలేరు పొంగి జగ్గయ్యపేట దాపున గరికపాడు వంతెన దెబ్బతినెను. రహదారిని ఎంత యెత్తున వేయవలెననునది ఇంజనీరు ప్రశ్న. ఎత్తు పెంచిన రహదారి కట్టవలె అడ్డునిలిచి నీటిని ఎవరి పొలములోనికి త్రోయుననునది రైతు ప్రశ్న. ఆ వ్యయము ఎవరు భరింపవలెననునది ప్రభుత్వపు ప్రశ్న. మూడును ఒక్క నీటిని గూర్చినవే. ఈ మూడు ప్రశ్నలను ఒక్కచోట అడుగువారికి సంవత్సరమున కొకమారు కలిసికొను చోటు ఉండవలెనని నా మనుమని కోరిక. కోరిక మంచిదే.

అయితే సభ యనగానే అతని మనస్సు వేదికమీదికి, బసలమీదికి, భోజనములమీదికి పోయినది. అవియు వలయును. నేను మాత్రము, “సభ అయిపోయిన మరునాడు ఏమి మిగులుతుందిరా?” అని అడిగితిని. కొంచెము ఆలోచించి, “ఫోటోలు” అన్నాడు. అప్పుడు అతనిని వెంటబెట్టుకొని మరునాడుదయమున జగ్గయ్యపేటకు పోయితిని.

జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర ఆ పేటను వెలయించిరి. పేట వెలయుటకు పదునైదు వందల యేండ్లకు పూర్వమే అచ్చటి ధనంబోడుమీద బౌద్ధస్తూపముండెను. జేమ్సు బర్జెస్ అను పురాతత్త్వవేత్త 1882లో దానిని పరిశోధించి, 1887లో అమరావతి స్తూపముతో కలిపి గ్రంథముగా ప్రకటించెను. అచ్చట దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకము చెన్నపురి ప్రదర్శనశాలను చేరినది. నేను మనుమనికి చెప్పదలచినది ఆ శిల్పమును గూర్చి కాదు, అచ్చటి స్తంభములమీది రాతను గూర్చి.

ఇక్ష్వాకురాజగు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ పాలనాసంవత్సరమున, వర్షర్తువునందలి ఎనిమిదవ పక్షమున, పదియవ దినమున ఆ రాత వ్రాయబడెను. వ్రాయించినవాడు రాజు కాడు, మంత్రి కాడు. సిద్ధార్థుడను పనివాడు. కమ్మకరాష్ట్రమున నడతూరను గ్రామపు శిల్పికి కుమారుడు. తన తల్లితోను, భార్యాబిడ్డలతోను, బంధుమిత్రులతోను కూడి మహాచైత్యపు తూర్పువాకిట అయిదు ఆయకస్తంభములను సర్వప్రాణుల హితము కొరకు నిలిపితినని చెప్పుకొనినాడు. ఆ మాటనే ఒక్క స్తంభముమీదనే కాక, మూడు చోట్ల వ్రాయించినాడు. ఒకటి చెడినను మరియొకటి నిలుచునని కాబోలు.

పెద్దలారా, ఆ దినమున ఆ గుట్టమీద ఎందరు కూడిరో, ఎవరు ముందు కూర్చుండిరో, ఏమి వడ్డించిరో ఎవరికిని తెలియదు. ఎవరు, ఎప్పుడు, ఎచ్చట, ఏమి, ఎవరి మేలు కొరకు చేసిరో మాత్రము పదునేడు వందల యేండ్లకు పైబడి నిలిచియున్నది. పనిచేసినవాడు తన పనిని గూర్చి తానే వ్రాసిపెట్టుటచే అది సాధ్యమైనది. “ఇంజనీరింగు చదివేవాడివి, నీకు ఇతడు పెద్దవాడు. ఇతడినుంచి మొదలుపెట్టు” అని మనుమనితో అంటిని.

రాత సంగతి అట్లుండగా, ఏటేట జరుగుటను గూర్చి నేర్చుకొనుటకు ఆ పేటలోనే మరియొక పాఠమున్నది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారి విగ్రహములు ఏడు విడిచి ఏడు జగ్గయ్యపేటకు వచ్చి, రంగులు వేయించుకొని, ఊరేగింపుగా తిరిగి పోవును. ఆ దినములలో ఆ బాటమీది జనసమ్మర్దము మీకు నేను వర్ణింపనక్కరలేదు. ఆ రాకకు ఒక్క మనుష్యుని ఉత్సాహము ఆధారము కాదు. రంగులు వేయుట ఏ వంశమువారి పనియో, బండ్లు కట్టుట ఎవరి వంతో ముందే తెలిసియుండును. ఒకరు కాలము చేసినను ఆ వంతు ఇంటనే నిలిచియుండును. అందుచేతనే అది ఆగదు. మన చదువుకొన్నవారి సభలకు ఉత్సాహము మెండు, వంతులు తక్కువ. అందుచేతనే అవి మూడవయేట ఆగిపోవును.

ఆ పెనుగంచిప్రోలులోనే 1877 మే 18వ తేదీన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు జన్మించిరి. వారు నాగపురమున తమ యక్కగారగు భండారు అచ్చమాంబగారి యింటనుండి చదువుకొని, ఎం.ఏ. పట్టము పొంది, మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. మునగాల పరగణా ఆనాడు మన నందిగామ తాలూకాలోనిది. చుట్టును నిజాము రాజ్యము, నడుమ ద్వీపమువలె కృష్ణాజిల్లా. 1959లో గాని అది నల్లగొండ జిల్లాలో కలియలేదు. ఆ మూలనుండి రాజా నాయని వేంకటరంగారావుగారి యాదరణముతో, రావిచెట్టు రంగారావుగారు మొదలగు మిత్రుల తోడ్పాటుతో, లక్ష్మణరావుగారు చేసిన పని తెలుగుదేశమంతయు వ్యాపించెను. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడెను.

ఆ మండలి చరిత్రగ్రంథములతో పాటు రసాయనశాస్త్రమును, జీవశాస్త్రమును, పదార్థవిజ్ఞానమును తెలుగున వెలువరించెను. అప్పటికి ఆ శాస్త్రములకు తగినన్ని తెలుగు మాటలు లేవు. ఒక్కొక్క మాటను వెదకి, సంస్కృతమునుండి కొన్ని, వాడుకనుండి కొన్ని తెచ్చి నిలుపవలసివచ్చెను. పిమ్మట వారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, వేరువేరు విద్యలలో ఆరితేరినవారిని ఒక్క పనికి కూర్చిరి. మూడు సంపుటములు వెలువడిన పిమ్మట, 1923 జూలై 12న వారు పరమపదించిరి. పని ముగియలేదు. కాని వారు పనిని ముడివేసి తమతో కొనిపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల చేపట్టుటకు వీలుగా విడిచిపోయిరి. అంతకు మించిన కార్యదర్శి లక్షణము వేరొండు లేదు.

మనుమని సభలో పత్రములన్నియు ఇంగ్లీషున చదువబడునట. పరదేశములనుండి వచ్చువారు కొందరుందురు కావున అది తప్పదని వాని వాదము. నేను కాదనలేదు. కాని, “మున్నేటి వరదను గూర్చి పత్రము చదువుతారు, మున్నేటి ఒడ్డున ఉన్నవాడికి అది అర్థం కాదు. అందులో తప్పుంటే దిద్దేవాడెవడు?” అని అడిగితిని. ప్రతి పత్రమునకు ఒక పుట తెలుగున ఉండవలెనని అప్పుడు ఒప్పుకొనినాడు. లక్ష్మణరావుగారి పుట్టినయూరికి ఆరామడ లోపల జరుగు సభలో ఆ మాత్రమైనను జరుగకున్న సిగ్గుచేటు గదా.

ఇక సభల చరిత్రకు వత్తము. 1914వ సంవత్సరమున మూడు నెలల యెడముతో రెండు సభలు జరిగెను. మొదటిది భారత విజ్ఞాన మహాసభ. జనవరి 15 మొదలు 17 వరకు కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ భవనమున జరిగెను. ఆశుతోష్ ముఖర్జీగారు అధ్యక్షులు. వచ్చినవారు 105 మంది, చదివిన పత్రములు 35, శాఖలు ఆరు. ఇంతటి దేశమునకు మొదటి శాస్త్రసభ అంత చిన్నది. దానికి పూనుకొన్నవారు ఇద్దరు రసాయనశాస్త్రపు ఉపాధ్యాయులు. అందులో సైమన్సెన్ అనువాడు మన చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో పనిచేసినవాడే.

రెండవది మన బెజవాడలో జరిగినది. ఏప్రిలు 10న అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులందరు కూడిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. వచ్చినవారిలో పెక్కురు పండితులు కారు. పల్లెలలో ఒక గది, రెండు బీరువాలు, కొన్ని పుస్తకములు పెట్టుకొని చదువు నిలుపుచున్నవారు. సభ ముగియునప్పటికి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. మరుసటి యేడు, 1915లో, గ్రంథాలయసర్వస్వమను పత్రిక వెలువడెను. ఒక్క దినపు కూటమి సంఘమైనది, సంఘము పత్రికయైనది. పత్రిక యున్నందున ఒక యూరివారు పడిన యిబ్బందిని మరియొక యూరివారు చదివి తెలిసికొనగలిగిరి.

కలకత్తా సభలో శాస్త్రజ్ఞుడు శాస్త్రజ్ఞునకు లెక్క చెప్పెను. బెజవాడ సభలో పనిచేయువాడు పనిచేయువానికి కష్టము చెప్పుకొనెను. సాంకేతికమును, ప్రజాహితమును కలిపి చదువువారి సభకు ఈ రెండును కావలెను. లెక్కలేని కష్టము ఏడ్పుగా మిగులును. కష్టమెరుగని లెక్క కాగితముగా మిగులును.

విజ్ఞాన మహాసభకే ఈ సంగతి తెలియుటకు చాలకాలము పట్టెను. ఆ సభ ఊరూర తిరుగుచు 1937లో హైదరాబాదునకు వచ్చెను. చెరకు వంగడములను వృద్ధిచేసిన టి.ఎస్. వెంకట్రామన్‌గారు ఆ యేటి అధ్యక్షులు. 1976 జనవరిలో వాల్తేరున జరిగినప్పుడు ఎం.ఎస్. స్వామినాథన్‌గారు అధ్యక్షులై, సభకంతటికి ఒక ప్రధానాంశము ఉండవలెనను పద్ధతిని ప్రవేశపెట్టిరి. అన్ని శాఖలవారును ఆ యంశమును గూర్చి తమ తమ శాస్త్రములనుండి మాటలాడవలెను. ఆ మొదటి ప్రధానాంశము విజ్ఞానము, సమగ్ర గ్రామాభివృద్ధి. పల్లెను గూర్చిన ప్రశ్న శాస్త్రసభ నడుమకు వచ్చినది మన తెలుగునేలమీదనే యని మనము గర్వింపవచ్చును.

అట్టి సభకును తప్పని గ్రహపాటులున్నవి. మహమ్మారివలన 2021, 2022 సంవత్సరములలో అది జరుగలేదు. 2023 జనవరిలో నాగపురమున 108వ సభ జరిగెను. 2024 జనవరిలో జరుగవలసిన 109వ సభ, ధనసహాయమును గూర్చిన వివాదముల నడుమ వాయిదాపడెను. నూరేండ్లు దాటిన సభకే ఇట్లు జరిగినప్పుడు నిన్న పుట్టిన సభమాట చెప్పవలయునా? ఈ సంవత్సరము గొప్పగా జరుపుట సులభమే. వచ్చు సంవత్సరము జరుగునట్లు చేయుట కష్టము.

ఇక సాంకేతికమును, ప్రభుత్వనిర్ణయమును కలియుటకు మన ప్రాంతములో కన్నులారా చూచిన నిదర్శనమొకటి కలదు. జగ్గయ్యపేట దాపున కృష్ణ యొడ్డున ముక్త్యాల యున్నది గదా. అచ్చటి రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్‌గారు కృష్ణకు నందికొండవద్ద ఆనకట్ట కావలెనని పట్టుబట్టిరి. ఆనాడు చెన్నపురి ప్రభుత్వము కృష్ణనీటిని పెన్నకు కలిపి దక్షిణమునకు కొనిపోవు వేరొక యోచనలో నుండెను. రాజావారు రైతులను సంఘముగా కూర్చి, ఇంజనీర్లచేత కొలతలు, అంచనాలు సిద్ధముచేయించి, వానిని ప్రభుత్వముల ముందుంచిరి. ఖోస్లాగారి సంఘము స్థలపరీక్షకు వచ్చునప్పుడు నందికొండకు సరియైన బాటయే లేదు. గ్రామస్థుల చేయూతతో వారు బాట వేయించిరి. 1952లో ఖోస్లా సంఘము నందికొండ పథకమును ఆమోదించెను. 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. దాని యెడమ కాలువ మన మెట్ట తాలూకాలకు వచ్చెను.

చూడుడు: కేకవేసినంతనే ఆనకట్ట రాలేదు. కేకతో పాటు కొలత యుండెను. విచారణకు వచ్చినవాడు అడిగిన ప్రశ్నకు బదులుగా కాగితము చూపగలిగిరి.

ఈ కథకు రెండవ ప్రక్కయు కలదు. ధనంబోడుమీద సిద్ధార్థుడు పేర్కొనిన వీరపురుషదత్తుని రాజధాని విజయపురి నాగార్జునకొండ లోయలోనే యుండెను. జలాశయమునకై ఆ లోయయంతయు మునుగవలసివచ్చెను. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరికినదానిలో కొన్ని కట్టడములను కొండమీదికి చేర్చిరి. తక్కినది నీట మునిగెను. ఆ లోయలోని పల్లెవాండ్రు ఇండ్లు విడిచి పోయిరి. నీరు మనకు వచ్చెను; ఇల్లు వారికి పోయెను. ఏది ఎంత విలువగలదో, పోయినదానికి ఎవరు ఏమి చెల్లింపవలెనో విచారించుటయే నా మనుమడు చదువు శాస్త్రము. ఆ సంగతి ధనంబోడుమీద నిలుచుండి చెప్పినప్పుడు వానికి పుస్తకములకంటె బాగుగ తెలిసినదని నా నమ్మకము.

ఇక నేను చెడగొట్టిన సభను గూర్చి చెప్పెదను. చెప్పుటకు మనస్సొప్పదు గాని, చెప్పకున్న ఈ ప్రసంగము అసత్యమగును.

1985లో నేనొక పల్లెబడిలో లెక్కల పంతులుగా నుంటిని. కాలువ తోకన ఉన్న యూరది. పైవారికి చేరినంత నీరు తోకకు చేరదనునది అందరెరిగిన మాటయే. నేను పెద్ద తరగతుల పిల్లలను పదిమందిని కూర్చి, పిల్లకాలువలో గీతలు గీచిన కొయ్యనొకదానిని పాతించి, ప్రతిదినము ఉదయమున నీటిమట్టమును పుస్తకములో వ్రాయించితిని. సంవత్సరాంతమున సంక్రాంతికి ముందు బడి ఆవరణమున సభ. పిల్లలు ఆ లెక్కను చదివెడివారు. రైతులు విని, ఏ దినమున తూము మూసిరో, ఎచ్చట గండి పడినదో చెప్పెడివారు. ఆ మాటలుకూడ ప్రక్కన వ్రాసెడివారము. మూడేండ్లు చక్కగా జరిగినది. నాలుగవయేట నాకు బదిలీ వచ్చెను. పుస్తకములు మూడును మా యద్దెయింటి అటకమీద నుండెను. తరువాత వచ్చిన పంతులుగారికి ఒప్పగింతమనుకొంటిని, తీరిక దొరకలేదు. ఎవరికి ఒప్పగించవలెనో సభలో ఏనాడును నిర్ణయించియుండలేదు. అంతయు నేనే గదా అనుకొనుచుంటిని.

రెండేండ్లకు తోకభూముల సంగతి విచారించుటకు ఒక అధికారి ఆ యూరికి వచ్చెనట. లెక్క యేమైన నున్నదా అని అడిగెనట. నాకు కబురు వచ్చెను. పరుగున పోయి అటక వెదకితిని. చెదలు పట్టి, అట్టలు మాత్రము మిగిలియుండెను. మా సభకు ఏటేట ముందు వరుసలో కూర్చుండెడి వృద్ధుడగు రైతు ఒకరు ఆ అట్టలు చూచి, “పంతులుగారూ, నీళ్లు ఎలాగూ మాకు రాలేదు. రాలేదన్న మాటైనా మిగల్లేదే” అనిరి. కోపముతో అనలేదు. అందుచేతనే ఆ మాట నేటికిని నన్ను విడువలేదు. ఆ విచారణలో ఆ యూరికి ఏమియు ఒరుగలేదు. మా పుస్తకములున్నచో ఒరిగియుండునని నేను ప్రమాణము చేయజాలను. కాని అడుగుటకు ఆధారముండెడిది. ఆ ఆధారమును పోగొట్టినవాడను నేను.

ఈ కథ విన్న పిమ్మట నా మనుమడు ఫోటోల మాట ఎత్తలేదు. ఇద్దరమును కూర్చుండి, సభకు కొన్ని కట్టుబాట్లు వ్రాసికొంటిమి. పత్రములు పండ్రెండింటికి మించరాదు. పత్రము చదువుటకు ఎంత కాలమో, చర్చకును అంత కాలము. వేదికమీది గౌరవవచనములకు పావుగంట చాలును. ప్రతి పత్రమును ముందుగా ఆ విషయముచేత బాధపడినవాడొకడు, ఆ శాస్త్రమెరిగినవాడొకడు చదివి తప్పులు చెప్పవలెను. చర్చలో వచ్చిన ఆక్షేపణలను పత్రము వెనుకనే అచ్చువేయవలెను. సభ యొక్కొక్క యేడు ఒక్కొక్క విద్యాలయమున జరుగును. ఈ సభ ముగియక మునుపే వచ్చు సంవత్సరపు కార్యదర్శిని ఎన్నుకొని, ఆ విద్యార్థిని ఈ యేడే సహాయకుడుగా కూర్చుండబెట్టవలెను. లెక్కలపుస్తకమును చివరి గంటలో సభలో బిగ్గరగా చదువవలెను.

పత్రముల ప్రతులు మూడు: ఒకటి ఆతిథ్యమిచ్చిన విద్యాలయమున, ఒకటి వచ్చు సంవత్సరపు కార్యదర్శివద్ద, ఒకటి ఆ పత్రము ఏ యూరిని గూర్చినదో ఆ యూరి గ్రంథాలయమున. సిద్ధార్థుడు తన మాటను మూడు చోట్ల చెక్కించినాడు గదా. మనము మూడు కాగితపు ప్రతులైన ఉంచలేమా?

ధనము విషయమున కొంత వాదము జరిగెను. మన ప్రాంతము సున్నపురాతి నేల, సిమెంటు కర్మాగారములున్నవి. వారిని చందా అడిగిన తప్పేమని మనుమడనెను. తప్పులేదు. కాని ఆ యేడు సున్నపురాతి గనులను గూర్చియో, దుమ్మును గూర్చియో పత్రమున్న యెడల ఆ యేడు వారి చందా వలదంటిని. తీర్పరి తనకు భోజనము పెట్టినవానినిగూర్చి తీర్పు చెప్పరాదు. భోజనమునకు పప్పు, కూర, మజ్జిగ చాలును. తక్కువపడిన దానికి పచ్చడి మన మిరప యుండనే యున్నది.

కాలము విషయమునను వాదమే. విద్యార్థులు జనవరి యన్నారు. జనవరి మొదలుకొని మన రైతు మిరపకోతలలో నుండును. అతడు రాని సభలో అతని సంగతి మాటలాడుట తగదు. జూన్ మొదట, ఏరువాకకు ముందు, ఎండ కొంత బాధించినను, అందరికిని తీరిక యుండును. నీరు రాకముందే నీటిమాట ఆడుకొనుట మంచిది గదా. దానికి ఒప్పుకొనిరి.

మొదటి సంవత్సరపు ప్రధానాంశము మున్నేరు, రహదారి. ఇందులకే నేను మీ సహాయము కోరుచున్నాను. ఏ యేటి వరద ఏ యింటి గోడపై ఎంతవరకు ఎక్కినదో, ఏ వాగు పూర్వము ఎటు పారెడిదో, ఏ కట్ట వేసిన తరువాత ఏ పొలము మునుగుచున్నదో మీకు తెలిసినంత ఏ యంత్రమునకును తెలియదు. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ తలుపు కొట్టుకొనిపోయినప్పుడు ముక్త్యాల ప్రాంతమున నీరు ఎట్లు వచ్చినదో చూచినవారును మీలో నుందురు. గోడమీద గీత యున్న యెడల సున్నము వేయించునప్పుడు దానిని చెరపకుడు. గీత లేకున్న గుర్తున్న యెత్తున నేడే ఒక గీత గీచి, సంవత్సరము వ్రాసి, చూచినవాని పేరు వ్రాయుడు. పిల్లలు కొలతకర్రతో మీ వాకిటికి వత్తురు. వారిని కూర్చుండబెట్టి చెప్పుడు. వారు వ్రాసినది మీ యెదుట చదివించుకొని, తప్పున్న దిద్దుడు. ప్రతి యొకటి మీ యూరిలో ఉంచుమని గట్టిగా అడుగుడు. ఆ యడుగుట మరచిపోకుడు.

చెదలు తినిన మా పుస్తకములను నేను తిరిగి తేలేను. ఆ వృద్ధరైతు నేడు లేరు. కాని వారి యూరి పిల్లకాలువలో మరల కొయ్య పాతుటకు నా మనుమడు, వాని స్నేహితులు ఇద్దరు కలిసి పోయిన నెలలో పోయిరి. మొదటి దినపు మట్టము వ్రాసి, పుస్తకమును ఆ యూరి గ్రంథాలయములో ఉంచి, రసీదు తీసికొని వచ్చినారు. ఆ రసీదు నా పెట్టెలో నున్నది.

ఇంతటితో సెలవు.